నువ్వులు

మాలేగావ్ జాతరల కొన్ననాడు
నాయిన దాని సుడులు లెక్కవెట్టిండు,
పెదవి లేపి పండ్లు చూసిండు,
గిట్టమీద వేలితో కొట్టి, చెవి ఆనిచ్చి విన్నడు.
తెల్లటి ఒంటిమీద నువ్వులు చల్లినట్టు మచ్చలు.
పేరు వేరే వెతకలే.

ధర్మాబాద్‌ల మా కొట్టం
మిర్చి గోదాముల ఎనుక.
మనుషులు తుమ్ముతరు, నువ్వులు తుమ్మదు.
రెండేండ్లల్ల డోలు దెబ్బకు ముందటి కాలు లేపుడు నేర్చింది,
తాషా మారితే నడుము తిప్పుడు నేర్చింది.
నోటు చూపితే తల ఊపుడు
ఎవ్వరు నేర్పకముందే వచ్చు.

ఆ వానకాలం గోదారి కట్ట నీళ్ళు
చేన్లదాకా వచ్చి నిలవడ్డయి.
జోరీగలు.
పక్కింటి బర్రెను కుట్టి, లేచి, ఆ నెత్తుటి మూతితోనే
నువ్వుల పొట్ట కింద వాలేవి.
నేను చింపిరి గుడ్డతో కొట్టేదాన్ని.
చెయ్యి నొచ్చినప్పుడు ఆపేదాన్ని.
ఆపిన ఘడియలు ఎన్నో
ఇప్పుడు లెక్క దొరకదు.

జ్వరం వచ్చె, పోయె, మల్లొచ్చె.
పొట్ట కింద వాపు, వేలు వెడితే గుంట.
దాణా సాలుతలేదని నాయిన
అప్పు చేసి శెనగలు పెంచిండు.
నాయినమ్మ దిష్టి అన్నది.
గుప్పెడు మిర్చి తీసి నిప్పులేసింది,
ఘాటు రాలేదంట, చానా పెద్ద దిష్టంట.
గోదాము పక్కన బతికేటోల్లకు
ఘాటు వచ్చిందీ రానిదీ తెలుస్తదా?

తులసి లగ్గం అయినంక పెండ్లిళ్ళ గిరాకి.
చింతలవారోల్ల పిలగాడు,
నెత్తిన పేటా, చేతిల కటారు,
నువ్వుల మీద కూసున్నడు.
స్టేషన్ రోడ్డుమీద డీజే మొదలైంది.
నువ్వులు ఎడమకు తిరిగింది.
మల్ల ఎడమకు.
మల్ల.
పగ్గం గుంజితే కుడికి రాదు.
ఎనుక కాళ్ళు ఒకదానికొకటి అడ్డం వడుతున్నయి.
అది నేర్చిన అడుగు కాదు, నాకు ఎరుకే.
జనం ఈలలు వేసిండ్రు.
కాయ్ నాచ్‌తే రే, అన్నరు.
పెండ్లికొడుకు మేనమామ
దాని ముక్కు ముందర ఐదువందల నోటు తిప్పిండు.
తల ఊపలే.
నోటు దానికి ఆనలే.

నేను ఊకున్న.
ఈ ఒక్కమాట రాసుకుందామనే ఇదంత మొదలువెట్టిన.
ఇంక రెండు గల్లీలు ఉండె,
మిగిలిన పైసలు మండపం కాడ ఇస్తమన్నరు,
నేను ఊకున్న.

తెల్లారి చూస్తే
కొట్టం గోడకు నుదురు ఆనిచ్చి
గోడను నూకుతున్నది,
అవుతల ఎవరో పిలిచినట్టు.

వాఘ్‌మారే డాక్టర్ చెవి కొసన గుచ్చి
ఒక బొట్టు అద్దం ముక్కమీద తీసిండు,
పైన ఇంకో సన్నటి అద్దం మూసిండు.
చూస్తవా, అన్నడు.
ఒక కన్ను మూసి వంగిన.
రేగుపండ్లు ఆరవోసినట్టు గింజలు.
వాటి నడుమ దారం తునుక,
మెలికలు తిరుగుకుంట, గింజలను దొబ్బుకుంట.
ఒక్కటే కణమట.
నోరు లేదు, కాలు లేదు,
డోలు లేకుంటనే ఆడుతున్నది.

సర్రా, అన్నడు డాక్టర్.
రక్తంల తిరిగినన్నాళ్ళు మందుకు దొరుకుతది,
మెదడుల జొచ్చినంక
మా సూది ఆ గడప దాటదు.
అయినా ఏసిండు.
పైసలు తీసుకోలే. అప్పుడే నాకు సమజైంది.

నాలుగోనాడు మబ్బుల పడిపోయింది.
ఒరిగిన ఒంటితోని గూడ
కాళ్ళు ఎడమకే కొట్టుకున్నయి, శానాసేపు.
నాయిన బయట నిలవడి బీడీ ముట్టించిండు,
ఆరిపోతే మల్ల ముట్టించిండు.

ఈ మార్గశిరం మల్ల మాలేగావ్.
మల్ల సుడులు, మల్ల పండ్లు, మల్ల గిట్టలు.
గోధుమవన్నె పిల్ల, ముద్దుగున్నది.
బేరం తెగేముందు నేను నడుమ జొచ్చి
దీని చెవినుంచి ఒక బొట్టు నెత్తురు కావాలె, అన్న.
బేరగాడు నాయిన దిక్కు చూసి నవ్విండు:
నీ బిడ్డ గుర్రం కొననీకి వచ్చిందా,
దవాఖాన పెట్టనీకి వచ్చిందా?

నేను నవ్వలే.
కొంగు ముడి విప్పిన.
దూదిల చుట్టిన రెండు అద్దం ముక్కలు.